యూనిట్ 9: సస్పెన్స్ చిత్రాల రీమేక్‌లు మూలానికి సాటి రాగలవా?

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ గల తేడాను వివరించగలుగుతారు.
- ఒక రీమేక్‌ను మూలచిత్రంతో పోల్చి, కారణాలతో విలువ కట్టగలుగుతారు.

9.1 పరిచయం

సస్పెన్స్ చిత్రాన్ని మళ్ళీ తీసే దర్శకుడికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పౌరాణిక చిత్రంలో ముగింపు ముందే తెలిసినా ప్రేక్షకుడికి లోటు లేదు. హంతకుడెవరో తెలిసిపోయిన కథను మాత్రం రెండోసారి ఎందుకు చూడాలి? అందుకే చాలామంది 'పాత చిత్రమే గొప్పది' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ తీర్పు సరైనదే కావచ్చు. కాని కారణం చెప్పని తీర్పు విమర్శ అనిపించుకోదు. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన రెండు చిత్రాలను వాటి రీమేక్‌లతో పోల్చి ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

9.2 ఆశ్చర్యం, ఉత్కంఠ

ఈ రెండింటినీ వేరుచేయడానికి హిచ్‌కాక్ బల్ల కింద బాంబును ఉదాహరణగా చెప్పేవాడు. ఇద్దరు కబుర్లాడుతుండగా అది హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. ఇది ఆశ్చర్యం. బాంబు ఉన్న సంగతి పాత్రలకు తెలియకుండా ప్రేక్షకుడికి మాత్రమే ముందుగా తెలిస్తే, వాళ్ళ మామూలు కబుర్లు కూడా మనల్ని కుదురుగా కూర్చోనివ్వవు. ఇది ఉత్కంఠ. ఆశ్చర్యం మొదటిసారికే పనిచేస్తుంది. ఉత్కంఠ కథ తెలిసినవారిని కూడా పట్టి ఉంచగలదు. కాబట్టి రీమేక్ ఆధారపడవలసింది ఉత్కంఠ మీదనే.

9.3 'సైకో' (1960, 1998)

1960లో పేరున్న కథానాయిక చిత్రం సగమైనా గడవకముందే హత్యకు గురికావడం ఎవరూ ఊహించనిది. ఆ దెబ్బ చెడకూడదనే, ప్రదర్శన మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వవద్దని థియేటర్లకు షరతు పెట్టారు. 1998లో గస్ వాన్ శాంట్ దాదాపు అవే షాట్లతో, జోసెఫ్ స్టెఫానో రాసిన అదే స్క్రీన్‌ప్లేతో, ఈసారి రంగుల్లో చిత్రాన్ని మళ్ళీ తీశాడు. దొంగిలించిన సొమ్ము 40,000 డాలర్ల నుంచి 4,00,000 డాలర్లకు పెరిగింది. అప్పటికి స్నానాలగది హత్య గురించి సినిమా చూడనివారికి కూడా తెలుసు. అంటే ఆశ్చర్యం ముందే ఖర్చయిపోయింది.

మరి ఉత్కంఠ మిగిలిందా? మూలచిత్రంలో నార్మన్ శవమున్న కారును బురదగుంటలోకి నెడతాడు. అది మునుగుతూ మునుగుతూ ఒక్క క్షణం ఆగిపోతుంది. అంతకుముందే మేరియన్ కోసం బాధపడిన మనం, ఇప్పుడు ఆ కారు మునిగిపోతే బాగుండునని కోరుకుంటాం. ఆంథొనీ పెర్కిన్స్ బక్కపలుచని రూపం, బెరుకుతనం మన జాలిని తెలియకుండానే అతని వైపు తిప్పుతాయి. రీమేక్‌లో విన్స్ వాన్ భారీ విగ్రహం, అసహజమైన నవ్వు మొదటినుంచే అనుమానం కలిగిస్తాయి. అందువల్ల మన జాలి అతనివైపు మళ్ళదు. కెమెరా కోణాలను నకలు చేయవచ్చు. ప్రేక్షకుడికీ పాత్రకూ మధ్య ఏర్పడే బంధం నకలుకు లొంగలేదు. ఆ సంగతిని రుజువు చేసిన ప్రయోగంగా ఈ రీమేక్‌కు విలువ ఉంది. సస్పెన్స్ చిత్రంగా మాత్రం అది మూలానికి సాటి రాదు.

9.4 'ద మ్యాన్ హూ న్యూ టూ మచ్' (1934, 1956)

ఇక్కడ రీమేక్ తీసినవాడు కూడా హిచ్‌కాకే. బ్రిటన్‌లో తీసిన మొదటి చిత్రం సుమారు 75 నిమిషాలు. హాలీవుడ్‌లో తీసిన రెండోది సుమారు 2 గంటలు. రెండింటిలోనూ ఒక బిడ్డ అపహరణకు గురవుతుంది. లండన్ ఆల్బర్ట్ హాల్ కచేరీలో తాళాలు మోగే క్షణంలో ఒక రాజకీయ నాయకుణ్ణి కాల్చాలన్నది కుట్ర. తల్లి కేక వేస్తే బిడ్డకు ప్రమాదం, ఊరుకుంటే ఒక ప్రాణం పోతుంది.

1956 చిత్రం ఈ బాంబును పేర్లు పడేటప్పుడే బల్ల కింద పెట్టింది. వాద్యబృందాన్ని, తాళాలు మోగించే మనిషిని చూపి, ఆ మోత ఒక కుటుంబాన్ని కుదిపేస్తుందని తెరమీద అక్షరాల్లోనే చెప్పేస్తుంది. అందుకే సుమారు 12 నిమిషాలు మాటల్లేకుండా సాగే కచేరీ ఘట్టంలో మనం తాళాల కోసమే ఎదురుచూస్తాం.

ఇంకా ముఖ్యమైన మార్పు తల్లి పాత్రలో ఉంది. 1934లో ఆమె తుపాకీ గురిలో దిట్ట. చివర ఆ గురే బిడ్డను కాపాడుతుంది. 1956లో ఆమె వేదికను వదులుకున్న గాయని. బిడ్డ సంగతి చెప్పేముందు డాక్టరైన భర్త ఆమెకు మత్తుమాత్రలు మింగిస్తాడు. అలా అణిచిన గొంతే హాల్లో కేకగా నాయకుణ్ణి, రాయబార కార్యాలయంలో పాటగా కొడుకును కాపాడుతుంది. మొరాకో ఘట్టాల్లో నడక మందగించిన మాట నిజమే. మొదటి చిత్రపు చురుకుదనం, పీటర్ లోరీ ప్రతినాయకత్వం ఇందులో లేవు. అయినా పాత కథలో కొత్త ఉత్కంఠను వెదికి పట్టుకున్నందువల్ల ఇది మూలానికి సాటి వచ్చింది, కచేరీ ఘట్టంలో దాన్ని మించింది.

9.5 సారాంశం

రీమేక్ మూలానికి ఎంత దగ్గరగా ఉందన్నది సరైన కొలత కాదు. మూలంలో ఉత్కంఠ ఎక్కడినుంచి పుట్టిందో దర్శకుడు గుర్తించాడా, తన కాలపు ప్రేక్షకుడికి, తన నటులకు తగినట్టు దాన్ని మళ్ళీ పుట్టించగలిగాడా అన్నది చూడాలి.

9.6 అభ్యాస ప్రశ్నలు

1. 'సైకో' రీమేక్‌లో షాట్లు దాదాపు అవే అయినా ఫలితం ఎందుకు మారింది? 10 పంక్తుల్లో రాయండి.
2. 1956 చిత్రంలో తల్లి గొంతుకు గల ప్రాధాన్యాన్ని వివరించండి.
3. మలయాళ 'దృశ్యం' (2013) మరుసటి ఏడాదే తెలుగులో రీమేక్ అయింది. మూలాన్ని చూడని ప్రేక్షకుడికి ఆశ్చర్యం కూడా చెక్కుచెదరలేదు. అలాంటి రీమేక్‌ను ఏ కొలతతో విలువ కట్టాలి? చర్చించండి.