పెట్టెలోని గాలి: ఇంటి ఆర్గన్ గూర్చి కొన్ని మాటలు

మన పత్రికలో సంగీత వ్యాసమంటే త్యాగరాజ ఆరాధన గూర్చో, పిల్లల వీణపాఠాల గూర్చో ఉంటుందని పాఠకులు అనుకోవడం సహజం. ఈసారి మేము చర్చి ఆర్గన్‌ను ఎత్తుకున్నాం. కారణం లేకపోలేదు. ఇంగ్లండులోని మన ఇళ్లల్లో పియానో నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు. వారిలో ఒకరిద్దరు, కాళ్లు కింది మెట్లకు అందే వయసు రాగానే, ఆర్గన్ మీద మనసు పడుతున్నారు. అప్పుడు తలిదండ్రుల ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. సాధనకోసం చర్చి తాళంచెవి అడుగుతూ తిరగడమా? లేక, నిజమైన ఆర్గన్ నాదాన్నే కంప్యూటరులో నింపి అమ్ముతున్నారు గనుక దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకోవడమా? ఈ రెండవ వస్తువు ఎంతవరకు ఆర్గన్, ఎక్కడనుంచి కాదు అన్నదే ఇక్కడ మా విచారణ.

ముందుగా అసలు వాద్యం సంగతి. హార్మోనియం చూసిన తెలుగువారికి ఆర్గన్‌ను వివరించడం కష్టం కాదు. రెండింటికీ ప్రాణం తిత్తిలోని గాలే. హార్మోనియంలో ఆ గాలి ఇత్తడి రీడును కదిలిస్తుంది. ఆర్గన్‌లో ఎక్కువభాగం వేణువు వంటి గొట్టాలలో పలుకుతుంది, కొన్ని గొట్టాలలో మాత్రం రీడు ఉంటుంది. స్వరానికొక గొట్టం చొప్పున అరవై దాకా గొట్టాలు చేరి ఒక వరుస అవుతుంది, అంటే ఒక గొంతు. ఆ గొంతును విప్పే పిడిని స్టాప్ అంటారు. సాలిస్‌బరీ కథీడ్రల్‌లో హెన్రీ విల్లిస్ 1877లో కట్టిన ఆర్గన్‌కు అటువంటి స్టాపులు 65, చేతిమెట్ల వరుసలు 4. కాలిమెట్లకు పలికే గొట్టాలలో అన్నిటికన్న పొడవైనది 32 అడుగులు. దాని అట్టడుగు స్వరం సెకనుకు సుమారు 16 కంపనాలు. అది చెవికన్న ముందు, కూర్చున్న బల్లకు తెలుస్తుంది.

ఇంత దాన్ని ఇంటికి ఎలా తెస్తారు? రికార్డు చేసేవారు రాత్రివేళ, వీధిలో కార్ల రద్దీ తగ్గాక, చర్చిలో మైకులు నిలిపి ప్రతి గొట్టాన్నీ విడివిడిగా పలికిస్తారు. చాలాసేపు నొక్కి ఉంచి ఒకసారి, తాకీ తాకనట్టు తాకి విడిచి ఒకసారి, మధ్యరకంగా మరొకసారి. మెట్టు విడిచాక గోడల మధ్య తిరిగే మోత, నొక్కిన కాలాన్ని బట్టి మారుతుంది గనుక ఇంత శ్రమ. తరవాత వాటిని శుభ్రపరచడమే పెద్ద పని. అందులో ఒక చమత్కారం ఉంది. ప్రతి రికార్డులోనూ గాలిమోటారు హోరు కొంత చేరుతుంది. చర్చిలో వంద గొట్టాలు పలికినా మోటారు ఒక్కటే. రికార్డులలో వంద స్వరాలు కలిస్తే వంద హోరులు. కనుక ప్రతి స్వరంనుంచీ హోరును తీసేసి, చివర ఒక్క హోరును మాత్రం విడిగా కలుపుతారు. అది బొత్తిగా లేకపోతే నాదం బోసిగా ఉంటుందట!

ఈ రికార్డులను జ్ఞాపకంలో ఉంచుకుని, మెట్టు నొక్కగానే అందించే ప్రోగ్రాములలో పేరుపొందినది హౌప్ట్‌వెర్క్. జర్మన్ భాషలో ఆ మాటకు ఆర్గన్‌లోని ప్రధాన విభాగమని అర్థం. ఇంగ్లండుకు చెందిన మార్టిన్ డైడ్ దానిని 2002లో బయటికి తెచ్చారు. 2008లో అది అమెరికాలోని మిలన్ డిజిటల్ ఆడియో వారి చేతికి వెళ్లింది. గ్రాండ్‌ఆర్గ్ అనే మరొకటి ఉచితంగానే దొరుకుతుంది. ఈ దారి ఇంకా పాతది. అమెరికాలో ఆలెన్ కంపెనీ 1971లోనే అంకెల రూపంలో నాదాన్ని దాచిన ఆర్గన్‌ను అమ్మకానికి పెట్టింది. అప్పట్లో ఒక గొంతుకు ఒక చిన్న నమూనా అలతో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు ఏ గొట్టం నాదం ఆ గొట్టానిదే.

మేము విన్నది సాలిస్‌బరీ నమూనానే. మా మిత్రులొకరు, మత్తు డాక్టరు, గరాజు ఖాళీ చేసి మెట్లూ స్పీకర్లూ అమర్చారు. వాయించినది వారి రెండో అబ్బాయి. కళ్లు మూసుకుని విన్నాం. మెత్తని వేణుగొంతులలో ఒక స్వరం కాస్త గరుకు, దాని పక్కది ఒక వెంట్రుకవాసి ఆలస్యం. ఆ తేడాలు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. వెనకటి ఎలక్ట్రానిక్ ఆర్గన్‌ల నున్నని పంచదార తీపి ఇందులో లేదు. ఒక గొంతును గానీ, రెండు మూడు గొంతులను గానీ వినేటప్పుడు ఇది నమ్మదగిన సాక్ష్యం. ఇంతవరకు మా మెప్పు నిండు మనసుతోనే.

చిక్కు స్టాపులు కలిపేకొద్దీ మొదలైంది. నిజం ఆర్గన్‌లో గొట్టాలు గాలిని పంచుకుంటాయి. పది స్వరాలు ఒక్కసారి తెరుచుకుంటే తిత్తిలో ఒత్తిడి రవంత తగ్గి, నాదం కుంగి లేస్తుంది. పాత ఆర్గన్‌లలో ఇది మరీ స్పష్టం. పంక్తి భోజనంలో విస్తరి విస్తరికీ ఎడం తెలిసినట్టు, ఒక గొట్టానికి పక్క గొట్టం సంగతి తెలుస్తుంది. రికార్డులో మాత్రం ప్రతి గొట్టమూ నిండు గాలితో ఏకాంతంగా పలికింది. వాటిని తరవాత కూడినంత మాత్రాన పంక్తి ఏర్పడదు. హౌప్ట్‌వెర్క్‌లో ఈ కుంగుబాటును లెక్కకట్టి కలిపే ఏర్పాటు ఉంది. తెలివైన పనే. అయినా విన్నప్పుడు అది గుణింతంలా ఉంటుంది గాని ఊపిరిలా ఉండదు.

రెండవది, వేలి సంగతి. నెదర్లాండ్స్‌లోని జ్వొల్లెలో ష్నిట్గర్ సోదరులు 1721లో పూర్తిచేసిన ఆర్గన్ వంటివాటిలో, మెట్టునుంచి గొట్టం కింది కవాటం వరకు సన్నని కర్రపుల్లలే. వేలు కవాటాన్ని ఎంత నెమ్మదిగా తెరిస్తే స్వరం అంత నెమ్మదిగా పుడుతుంది. ఇంటి మెట్టు స్విచ్చి మాత్రమే. ఎలా నొక్కినా రికార్డులోని ఆ ఒక్క పుట్టుకే. సాలిస్‌బరీకి ఈ ఆక్షేపణ అంతగా వర్తించదు. అక్కడ మెట్టుకూ గొట్టానికీ నడుమ పనిచేసేవి కరెంటూ గాలీ. పాత ఆర్గన్‌ల నమూనాలకు మాత్రం ఇది పెద్ద లోటే.

మూడవది, కాలం. ఎండాకాలంలో మామూలు గొట్టాల శ్రుతి హెచ్చుతుంది, రీడుగొట్టాలు అంతగా కదలవు. రెంటికీ పొసగక వాయించేవాడు ఆ పూట కొన్ని స్టాపులు మానుకోవలసి వస్తుంది. కంప్యూటరులోని సాలిస్‌బరీలో రికార్డు చేసిన వేళల చలే నిలిచి ఉంటుంది. జూలైలోనూ అదే, డిసెంబరులోనూ అదే.

ఇక నాలుగవది, చోటు. పెద్ద చర్చిలో మోత అణగడానికి అయిదారు సెకన్లు పడుతుంది. ఆ మోత కూడా రికార్డులో వచ్చిందనుకోండి. కాని చర్చిలో అది వెనకనుంచి, పైనుంచి, స్తంభాల సందుల్లోనుంచి వస్తుంది. గరాజులో నాలుగు స్పీకర్లే అన్నీ మోయాలి. 16 కంపనాల స్వరాన్ని వాటినుంచి రాబట్టాలంటే, ముందు పక్కింటివారితో రాజీ కుదుర్చుకోవాలి. అందుకని అబ్బాయి సాధారణంగా హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయిస్తాడు. వాళ్లమ్మ “అన్నానికి రా నాన్నా” అని నాలుగుసార్లు పిలిచి, చివరికి వచ్చి భుజం తట్టింది. కథీడ్రల్‌ను నింపడానికి పుట్టిన వాద్యం, ఆ ఇంట్లో ఒక్కడి చెవులలో తప్ప మరెక్కడా లేదు.

ఇంత చెప్పాక, యంత్రం గనుక హీనమని మేమంటున్నామని ఎవరూ అనుకోవద్దు. ఇంటి సాధన ఆర్గనిస్టులకు కొత్త కాదు. కరెంటు లేని రోజుల్లో ఆర్గన్ పలకాలంటే వెనక ఒక మనిషి తిత్తులు తొక్కాలి, అతనికి కూలి ఇవ్వాలి, శీతాకాలంలో చర్చిలో వేళ్లు కొంకర్లు పోతాయి. అందుకే 18వ శతాబ్దంలో జర్మనీ ఆర్గనిస్టులు కాలిమెట్లు తగిలించిన క్లావికార్డు మీద ఇంట్లో సాధన చేసేవారు. దాని గొంతు పక్కగదికి కూడా చేరదు. అయినా కాళ్లకూ చేతులకూ పొత్తు కుదరడానికి అది చాలింది.

మన అనుభవమూ ఉన్నది. గమకం పలకదన్న కారణంతో హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో బహిష్కరించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. రాగం సంగతిలో ఆ ఆక్షేపణ కాదనలేనిదే. అదే కాలంలో మన పద్యనాటకం హార్మోనియం లేకుండా ఒక్క రాత్రి కూడా గడవలేదు. నటుడు రాగం సాగదీస్తే పక్కన కూర్చున్న హార్మోనిస్టు వెంట నడిచేవాడు, ఊపిరి తీసుకుంటే ఆ సందు నింపేవాడు. కనుక, ఏ వాద్యం దగ్గరకైనా వెళ్లి అడగవలసిన ప్రశ్న, దాని చుట్టూ ఎవరిని కూర్చోబెడుతోంది, ఎవరిని లేపి పంపేస్తోంది అని.

ఆ ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే దొరుకుతుంది. బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ గారు 1979లో ఎలక్ట్రానిక్ తంబుర చేశారు. పరదేశంలో ఉన్న మనకు అది ఎంత మేలు చేసిందో చెప్పనక్కరలేదు. విమానంలో తంబుర తెచ్చుకోగలవారెందరు? ఇప్పుడది ఫోనులోకే వచ్చింది. శ్రుతి ఎన్నడూ తప్పదు. ఐతే ఆ పెట్టెతో పెరిగిన పిల్లలకు శ్రుతి చేయడం రాలేదు. బిరడా తిప్పి, గుర్రం మీద దారం జరిపి, జీవా పలికేదాకా చెవి ఒగ్గి కూర్చునే ఆ పావుగంట పాఠం పోయింది. గాయకుడి వెనక తంబుర మీటుతూ కచేరీ అంతా వినే శిష్యుడి చోటూ చాలామట్టుకు పోయింది. మనం పోగొట్టుకున్నది నాదాన్ని కాదు. దాన్ని మోసే మనుషులను.

గొట్టాల ఆర్గన్ చుట్టూ అటువంటి మనుషులు మరీ ఎక్కువ. కట్టేవారు, తోలు మార్చేవారు, శ్రుతి చేసేవారు, శ్రుతి చేసేటప్పుడు మెట్టు నొక్కి పట్టుకునే కుర్రవాడు. జర్మనీలోని ఆర్గన్ నిర్మాణాన్నీ ఆర్గన్ సంగీతాన్నీ యునెస్కో 2017లో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ వారసత్వమన్నది ఆ చేతుల పనితనాన్నే. పారిస్‌లో నోత్ర్ దామ్ 2019 ఏప్రిల్ 15న తగలబడినప్పుడు, సుమారు 8,000 గొట్టాల పెద్ద ఆర్గన్ మంటకు తప్పించుకుని సీసపు ధూళిలో మునిగింది. గొట్టాలను విప్పి, కడిగి, తిరిగి కూర్చి, మళ్లీ శ్రుతి చేశారు. 2024 డిసెంబరు 7న అది మళ్లీ పలికింది. అదంతా చేయగలవారు ఇంకా మిగిలి ఉండబట్టి. 2020 జూలై 18న నాంత్ కథీడ్రల్ పెద్ద ఆర్గన్‌కు ఆ అదృష్టం లేకపోయింది. 1621నాటిది ఒక్కపూటలో బూడిదైంది. ఇటువంటి వాటికి మంచి నమూనా రికార్డు ఉంటే అది వెలలేని జ్ఞాపకం. దాని విలువను మేము కాదనం. కాని ఫొటో ఉన్నది గదా అని మనిషిని చూడడం మానుకోము గదా!

అసలు ప్రమాదం ఇళ్లల్లోని పెట్టెలవల్ల కాదు. మరమ్మతు ఖర్చుకు వెరచి, “ఇంత బాగా పలికే కంప్యూటరు ఉండగా గొట్టాలెందుకు” అని చర్చి కమిటీలు అనుకోవడంవల్ల. మూతపడిన చర్చిల ఆర్గన్‌లు దేశాలు దాటిపోతున్నాయి, కొన్ని తుక్కు అవుతున్నాయి. అక్కడ నమూనా జ్ఞాపకంగా ఉండడం మాని, వారసుడి కుర్చీలో కూర్చుంటోంది. విమర్శకులుగా మా అభ్యంతరం సరిగ్గా అక్కడే.

కనుక తలిదండ్రులకు మా మనవి ఇది. పిల్లవాడు అడిగితే ఇంటి ఆర్గన్ కొనండి. నాలుగు వరుసల మెట్లక్కరలేదు, రెండూ కాలిమెట్లూ చాలు. హెడ్‌ఫోన్లు వారానికి ఒకరోజు తీయించండి, ఇంట్లోవారు కూర్చుని వినండి. నెలకు రెండుసార్లయినా నిజం ఆర్గన్ మీద కూర్చోబెట్టండి. దగ్గరి చర్చిలో శ్రుతి చేసేవారు వచ్చే రోజు కనుక్కుని, మెట్లు నొక్కి పట్టే పనికి పంపండి. ఆ ఒక్క పూటలో వాడి చెవి నేర్చుకునేది ఏ నమూనాలోనూ లేదు. మరొక మాట. మనం ఉగాది పచ్చడి పంచుకునేది చాలా ఊళ్లలో చర్చి హాళ్లలోనే. ఆ హాలు గోడకు అవతలే ఆర్గన్ ఉంటుంది, దాని మరమ్మతు నిధి డబ్బా తలుపు దగ్గరే ఉంటుంది. హాలు అద్దెతోపాటు అందులోనూ నాలుగు పౌన్లు వేయడం, అతిథులుగా వచ్చి ఇంటివారమైన మనకు బరువు కాబోదు.