టి-కణాలు: సైనికోపమానం దాచిపెట్టేది

రోగనిరోధక వ్యవస్థపై తెలుగులో వెలువడే వ్యాసాలలో టి-లింఫోసైట్లు తరచుగా సైనికులుగానే దర్శనమిస్తాయి. శరీరం కోట, సూక్ష్మజీవి శత్రువు. కొత్త పాఠకుడికి ఈ ఉపమానం సులభంగా అందుతుంది. అయితే టి-కణాల చరిత్రను దాని పక్కన పెట్టి చూస్తే, అది వివరించేదానికన్నా మరుగుపరిచేదే ఎక్కువని తేలుతుంది.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకలలో థైమస్ గ్రంథిని తొలగించాడు. వాటిలో లింఫోసైట్లు తగ్గిపోయాయి. అవి పరాయి ఎలుకల చర్మాన్ని అతికించినా తిరస్కరించలేదు. 1968లో మెల్‌బోర్న్‌లో ఆయనా, గ్రాహం మిచెల్ కలిసి, ప్రతిరక్షకాలను తయారుచేసేవి ఎముక మజ్జ నుండి వచ్చే కణాలనీ, థైమస్ నుండి వచ్చేవి వాటికి తోడ్పడతాయనీ నిరూపించారు. అంటే, టి-కణం తొలుత యోధుడిగా కాక సహాయకుడిగా రుజువైంది.

1974లో కాన్‌బెర్రా నుండి పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ ప్రకటించిన ఫలితాలు మరింత కీలకమైనవి. సంహారక టి-కణం వైరస్‌ను విడిగా గుర్తించదు. సొంత కణపు గుర్తింపు ప్రోటీన్లతో కలిపి మాత్రమే గుర్తిస్తుంది. అది చంపేది వైరస్‌ను కాదు, వైరస్ సోకిన మన కణాన్నే. వారికి 1996లో నోబెల్ బహుమతి లభించింది.

థైమస్‌ను బడితో పోల్చడమూ సరికాదు. అక్కడ కణాలకు ఎవరూ పాఠం చెప్పరు. యాదృచ్ఛికంగా ఏర్పడిన గ్రాహకాలున్న కణాలను జల్లెడ పట్టడమే జరుగుతుంది. అత్యధిక భాగం అక్కడే నశిస్తాయి. ఆ జల్లెడను దాటి వచ్చిన స్వదేహ వ్యతిరేక కణాలను నియంత్రక టి-కణాలు అదుపు చేస్తాయి. 1995లో వాటిని గుర్తించిన షిమోన్ సకగూచికి, మరి ఇద్దరితో కలిపి, 2025లో నోబెల్ వచ్చింది. దాడిని ఆపడమే పనిగా గల సైనికుడికి ఆ ఉపమానంలో చోటేదీ?

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో గానీ, గుంటూరులో గానీ, మొదటి రకం మధుమేహం వచ్చిన బిడ్డ తల్లికి "నీ బిడ్డ సైన్యమే తిరగబడింది" అని చెబితే మిగిలేది భయమే. క్లోమంలోని ఇన్సులిన్ కణాలను సొంతవిగా సహించే ఏర్పాటు సడలిందని చెబితే, రోగమూ అర్థమవుతుంది, ఆ సహనాన్ని తిరిగి నెలకొల్పాలన్న పరిశోధనల దిశా బోధపడుతుంది. టి-కణాల ప్రధాన వృత్తి యుద్ధం కాదు, వివేచన. తెలుగు విజ్ఞాన రచన ఇకనైనా ఆ మాటతో మొదలుకావాలి.