అడగడమే ఆమె పని

మా వార్డు కౌన్సిలరమ్మ గారింటి వీధరుగు మీద, కుర్చీకీ గోడకీ మధ్య, ఓ లాంగు నోటుపుస్తకం ఉంటుంది. ఆవిడ చేయించిన పనుల చిట్టా అనుకుని ఓసారి తిరగేశాను. పనులు లేవందులో. అడిగిన తేదీలున్నాయి. "మూడో వీధి, 14వ స్తంభం, దీపం. 6న అడిగాను. 9న అడిగాను. 13న వెళ్లాను, మనిషి లేడు. 15న వెలిగింది." పేజీకి పదో పన్నెండో ఇలాంటివి. తీరిన వాటి మీద అడ్డగీత ఉంటుంది. తీరనివి, ఆ పుస్తకం నిండిపోయాక, కొత్త పుస్తకం మొదటి పేజీకి ఎక్కుతాయి. కొన్ని అలా మూడు పుస్తకాలు మారాయి.

మాది గోదావరి డెల్టాలో ఓ మాదిరి మునిసిపాలిటీ. ఊరి పేరు చెప్పను. మా ఊరివాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది, మిగతావాళ్లకి అవసరం లేదు. 1995లో ఆవిడ మొదటిసారి కౌన్సిల్ హాల్లో అడుగుపెట్టిన నాడే నేనూ ఓ దినపత్రికకి ఊరి విలేకరిగా అక్కడి మూల బెంచీ మీద కూర్చున్నాను. మహిళలకి మూడో వంతు స్థానాలు ఇచ్చి తీరాలని రాజ్యాంగంలో రాసుకున్న తర్వాత మా ఊళ్లో జరిగిన తొలి మునిసిపల్ ఎన్నికలవి. ఆవిడ భర్త పార్టీలో తిరిగిన మనిషి. వార్డు మహిళలకి పోవడంతో పోటీ చేసింది ఆవిడ, దండలు పడింది ఆయన మెడలో. మొదటి మూడు సమావేశాలకీ ఆయన వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన తల ఊపితే ఆవిడ చెయ్యెత్తేది.

నాలుగో సమావేశంలో టేబుల్ అజెండా వచ్చింది. ముందుగా కాగితాలు పంపకుండా, ఆ పూటే బల్ల మీద పెట్టి గట్టెక్కించే అంశాలన్నమాట. గుమాస్తా అంకెలు చదువుతుంటాడు, సభ్యులు "ఆమోదం, ఆమోదం" అంటుంటారు. గుళ్లో అర్చన చేయిస్తున్నట్టు ఉంటుంది వినడానికి. "అయ్యా, ఆ తొమ్మిదోది ఏంటండీ?" అందావిడ. గుమాస్తా చదవడం ఆపి ఛైర్మన్ గారి వంక చూశాడు. తొమ్మిదోది ఏమిటో ఛైర్మన్ గారికీ తెలియదు. నేను నాలుగు వాక్యాల వార్త రాశాను. మర్నాడు భర్తగారు నన్ను కాలవగట్టు మీద ఆపి, "మా ఇంటావిడ పేరు పేపర్లో ఎందుకండీ?" అన్నాడు. ఆ తర్వాతి నెల సమావేశంలో వెనక కుర్చీ లేదు. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. 2014 ఎన్నికల నాటికి స్థానాల్లో సగం మహిళలవయ్యాయి. వెనక కుర్చీలు మాత్రం చాలా ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

కౌన్సిలరంటే చిన్న సైజు ఎమ్మెల్యే అని చాలామంది ఊహ. కాగితం మీద అలాంటిదేమీ లేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. తాగునీరు, రోడ్లు, వీధి దీపాలు, బందెలదొడ్లు, జనన మరణాల నమోదు, శ్మశానాలు అన్నీ అందులోవే. పురిటి నుంచి కాటి దాకా మునిసిపాలిటీదే. అయితే అధికారం కౌన్సిల్ మొత్తానిది, అంటే అందరూ కూర్చుని చేసే తీర్మానానిది. అమలు చేసేది కమిషనరు. ఒక్క కౌన్సిలరు తనంత తానుగా చీపురు పట్టిన మనిషికి కూడా "ఈ వీధి ఊడ్చు" అని ఉత్తర్వు ఇవ్వడానికి లేదు. మరి ఇన్నేళ్లు ఆవిడ చేసిందేమిటంటే, అడగడం.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మని ఎలా అడగాలో అందరికీ పుట్టుకతోనే వస్తుంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ని అడగడం రాదు. అది నేర్చుకోవాలి.

తెల్లవారుజామున నీళ్లు వదిలే కుర్రాడి సెల్ నంబరు ఇంజనీరు గారి దగ్గర ఉండకపోవచ్చు గానీ ఈవిడ దగ్గర ఉంటుంది. చివరి వీధికి నీళ్లు అందకపోతే ఆవిడ ఇంజనీరుకి ఫోన్ చేయదు. "బాబూ, ఇటువైపు వాల్వు ఇంకో రెండు చుట్లు విప్పు నాయనా" అని ఆ కుర్రాడికే చెబుతుంది. ముందు వీధుల్లో కుళాయిలకి మోటార్లు బిగించి లాగేస్తున్నారని ఆవిడకి తెలుసు, అతనికీ తెలుసు. అది పైదాకా వెళితే ఫిర్యాదవుతుంది. ఫిర్యాదయ్యాక కనెక్షన్లు కోయాలి. కోస్తే ముందు వీధి, వెనక వీధి జన్మలో మాట్లాడుకోవు. ఇది న్యాయమా అంటే, నాకు ఇప్పటికీ తేలలేదు. నీళ్లు మాత్రం చివరి వీధికి వస్తున్నాయి.

డ్రెయిన్ల పూడిక సంగతి చూడండి. తీసిన సిల్టు తడిగా ఉంటే ట్రాక్టరులోకి ఎత్తడానికి రాదు. కాలవ పక్కనే పోసి, నీరు కారిపోయి ఒకటి రెండు రోజులు ఆరాక ఎత్తుతారు. ఈలోగా వాన పడిందా, సగం మళ్లీ కాలవలోకే. ట్రాక్టరు రాకపోతే ఇంటిముందు నల్లటి కుప్ప, దాని మీద ఈగలు, పైన మన తిట్లు. కొత్తగా గెలిచినవాళ్లు పూడిక తీయమని అడుగుతారు. ఈవిడ ముందు ట్రాక్టరు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కనుక్కుంటుంది. అక్కణ్ణుంచి రెండు రోజులు వెనక్కి లెక్కేసుకుని అప్పుడు అడుగుతుంది. "మేస్త్రి గారూ, మంగళవారం తీయించండి, గురువారం బండి మనకే ఉంది." మేస్త్రి కాదనడానికి సందు ఉండదు. పైగా ఆయన కూతురి పెళ్లిలో ఈవిడ పొద్దున్నే వెళ్లి వంటల దగ్గర నిలబడ్డ మనిషి.

ఎల్‌ఈడీలు వచ్చాక దీపాల పని కష్టమైంది. ట్యూబులైట్ల రోజుల్లో నిచ్చెన భుజాన వేసుకొచ్చే హెల్పరుకి టీ ఇప్పించి అడిగితే సాయంత్రానికి వెలిగేది. ఇప్పుడు బాగుచేయాల్సింది ఏజెన్సీ. స్తంభం నంబరు చెప్పకపోతే ఫిర్యాదు ఎక్కించుకోరు. అందుకని వార్డులో స్తంభాల నంబర్లన్నీ ఆవిడకి ఎక్కాల్లా నోటికి వచ్చు.

చావు కబురు విన్న ఇంట్లోంచి ఆవిడకి ఫోన్ బంధువులకంటే ముందే వెళుతుంది. శ్మశానంలో బోరు పనిచేస్తోందా, రాత్రయితే లైటు వెలుగుతోందా, బండి దొరుకుతుందా అన్నీ ఆవిడ చూడాలి. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఆవిడ పెద్దకొడుకుని పక్కకి పిలవడం నేను చాలా ఇళ్లలో చూశాను. "21 రోజులు దాటనివ్వకు బాబూ. ఈలోపు నమోదు చేయిస్తే ఉత్తినే అయిపోతుంది. దాటితే తిప్పుతారు." ఏడ్చి ఉన్న ఇంట్లో ఈ మాట ఎప్పుడు చెప్పాలో తెలియడం చిన్న విషయం కాదు. పదో రోజుకి ముందు చెబితే రాతిగుండె అంటారు. మరీ ఆలస్యంగా చెబితే గడువు పోతుంది.

ఇల్లు ఇప్పించమనీ, కుర్రాడికి ఉద్యోగం వేయించమనీ వచ్చేవాళ్లుంటారు. "అది నా చేతుల్లో లేదమ్మా, నన్ను నమ్ముకుని ఏడాది పాడుచేసుకోకు" అంటుంది మొహమ్మీదే. ఈ ఒక్క మాట వల్ల ఆవిడకి పోయిన ఓట్లు ఎన్నో. ఎదుటి పార్టీ వాళ్లు "చూద్దాం, చేద్దాం" అని నెట్టుకొస్తారు.

2005లో వార్డు రిజర్వేషన్ మారి ఆవిడకి పోటీ చేసే వీలు లేకపోయింది. పక్క వార్డులో నిలబడమన్నారు పార్టీవాళ్లు. "అక్కడి కుళాయిలు నాకు తెలీవు" అని ఇంట్లోనే కూర్చుంది. ఆ కౌన్సిళ్ల గడువు 2010 సెప్టెంబరులో తీరితే మళ్లీ ఎన్నికలు జరిగింది 2014 మార్చిలో. అయిదేళ్లకోసారి ఎన్నికలని రాజ్యాంగం చెప్పిన చోట, మూడున్నరేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. 2019లో మళ్లీ అదే వరస. 2020 మార్చిలో నామినేషన్లు వేశాక కరోనా వల్ల ఎన్నిక ఆగిపోయింది. పోలింగ్ 2021 మార్చి 10న జరిగింది. అంటే ఏడాదిపాటు ఆవిడ కౌన్సిలరూ కాదు, ఓడినమనిషీ కాదు, ఉత్త అభ్యర్థి. ఆ ఏడాదంతా బ్లీచింగ్ ఏ సందులో చల్లలేదో, పాజిటివ్ వచ్చిన ఇంటికి పాలు ఎవరు పడేస్తున్నారో కనుక్కుంటూ ఫోన్లు చేస్తూనే ఉంది. "నేను ఫలానా వార్డు నుంచండీ" అనేది. హోదా చెప్పేది కాదు. అవతలివాళ్లూ అడిగేవాళ్లు కాదు.

ఎన్నికైన కౌన్సిల్ లేని రోజుల్లో ఓ అధికారి నాతో, "చూశారా, వీళ్లు లేకపోతే ఊరేమైనా మునిగిందా?" అన్నారు. మునగలేదు. వీళ్లు పదవి లేకుండా కూడా ఆయన గుమ్మం ముందు నిలబడి అడుగుతూనే ఉన్నారు కాబట్టి. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. మర్యాదకి నవ్వి ఊరుకున్నాను.

2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాక, ఇక కౌన్సిలర్లకి పనేముంటుందన్నారు. అర్జీ పెట్టడం నిజంగానే తేలికైంది. అర్జీకి నంబరు వస్తుంది. నంబరొచ్చాక, "అక్కా, నంబరొచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి?" అని జనం మళ్లీ ఆ అరుగు దగ్గరికే వస్తారు.

పటేల్ అహ్మదాబాదులో, నెహ్రూ అలహాబాదులో, రాజాజీ సేలంలో, మన ప్రకాశం పంతులు రాజమండ్రిలో మునిసిపల్ అధ్యక్షులుగా చేసినవాళ్లే. వాళ్లు ఆ మెట్టు దాటి వెళ్లారు కాబట్టి మనకి ఆ సంగతి తెలుసు. ఆ మెట్టు మీదే ముప్ఫయ్యేళ్లు కూర్చున్నవాళ్ల గురించి ఎవరూ రాయరు. మునిసిపాలిటీ అంటే జనానికి మొదట్నుంచీ పెద్ద ముద్దేమీ లేదు. 1921లో చీరాల పేరాల వాళ్లు ఈ పన్నులు మోయలేమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరే ఖాళీ చేసి, రామనగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. సరిగ్గా నూరేళ్లకి, 2021లో, ఆస్తిపన్నుని అద్దె విలువ మీంచి మూలధన విలువ మీదికి మార్చే సంగతి మా కౌన్సిల్ ముందుకి వచ్చింది. ఆవిడ లేచి, "మా వీధిలో పెంకుటింట్లో ముసలావిడ ఉంది. ఆవిడ స్థలం ధర పెరిగిందంటున్నారు. అమ్ముకుంటే కదండీ ఆవిడకి డబ్బు?" అంది. తన అసమ్మతిని మినిట్స్‌లో రాయించింది. పన్ను పెరిగింది. మినిట్స్‌లో ఆ రెండు లైన్లూ ఉన్నాయి.

ఇంత చెప్పానని ఆవిణ్ణి దేవతని చేశాననుకోకండి. వార్డులో మొదటి సిమెంటు రోడ్డు ఆవిడ మరిది ఉన్న వీధికే పడింది. అది పాత సంగతి, వదిలేద్దాం. వదలలేనిది ఇంకొకటుంది.

మా వీధి మలుపులో నాలుగు కొట్లున్నాయి. నాలుగింటికీ మెట్లు డ్రెయిను మీదికి కట్టుకున్నారు. అక్కడ పార దూరదు, పూడిక తీయలేరు. గట్టి వాన పడితే మా ఇళ్ల ముందు మోకాలి లోతు నీళ్లు. పక్కనున్న కల్వర్టు పెద్దది చేయమని ఆవిడ అడుగుతూనే ఉంది. మూడు పుస్తకాలు మారినవాటిలో అదొకటి. ఇంజనీర్లు వస్తారు, చూస్తారు, ముందు ఆ మెట్లు తీయించండి అంటారు, వెళతారు. నేను పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. కల్వర్టు పేరు పదిహేడు చోట్ల ఉంది. మెట్లు అన్న మాట ఎక్కడా లేదు.

"అక్కా, అది ఎందుకు అడగలేదు?" అన్నాను క్రిందటి వారం.

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆ నాలుగు కుటుంబాలవీ కలిపి నలభై ఓట్లు తమ్ముడూ. 2000లో నేను గెలిచింది ఇరవై ఏడుతో." కాసేపాగింది. "ఇన్నేళ్లు పేపర్లో ఉన్నావు. నువ్వెందుకు రాయలేదు?"

ఆ నాలుగింటిలో మూడోది మా బావమరిది మందుల కొట్టు. మెట్లు మూడు, సిమెంటువి, కాలవ మీదికి రెండడుగులు వచ్చి ఉంటాయి. ఈ వారం దీని గురించి రాస్తున్నానని అతనికి ఇంకా చెప్పలేదు.