అశ్మరి, శర్కర, కొండపిండి: రాతినొప్పి చికిత్సను గూర్చి ఒక విమర్శ

మూత్రపిండములలోని రాళ్లను సుశ్రుతుడు శస్త్రముతో వెలికి తీసెనను వాక్యము మన వైద్యచరిత్ర వ్యాసములలో తరచుగా కానవచ్చును. మేమును తరగతిలో పలుమార్లు అట్లే చెప్పియుంటిమి. శ్రీహరికోటకు ఎదురుగడ్డయైన సూళ్లూరుపేట ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థి యొకడు ఒకనాడు మమ్ము నిట్లడిగెను: "మా యింట రాతినొప్పికి కొండపిండి కషాయము కాచెదరు. సుశ్రుతుడంతటివాడు కత్తి పట్టిన రోగమునకు మా యవ్వ ఆకు చాలునని యెట్లు నమ్మినదండీ?" ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు మూలగ్రంథములను మరల చదివితిమి. మా పాఠమే తప్పని తేలినది. సుశ్రుతుడు కోసిన రాయియు, ఆ యవ్వ కషాయము పోసిన రాయియు ఒకటి కావు.

సుశ్రుతసంహితలో నిదానస్థానమందలి మూడవ యధ్యాయము అశ్మరిని గూర్చినది. మూత్రము బస్తిని చేరు విధమును వివరించుటకు అందొక చక్కని యుపమానము కలదు. క్రొత్తకుండను మూతివరకు నీట ముంచినచో చుట్టునున్న సన్నని రంధ్రములగుండా నీరూరి కుండ నిండునట్లు, సూక్ష్మనాడులద్వారా బస్తి నిండునని యాచార్యుని యభిప్రాయము. తేటనీరైనను కుండలో చాలకాలము నిలిచినచో అడుగున మడ్డి పేరుకొనునట్లు బస్తిలో రాయి పుట్టునని రెండవ యుపమానము. ఈ రెండింటను కుండ బస్తియే, అనగా మూత్రాశయమే. మూత్రపిండమునకు ఇందు తావు లేదు. వృక్కములను ప్రాచీనులు ఎరుగకపోలేదు. కాని చరకుడు వానిని మేదోవహస్రోతస్సులకు మూలముగా చెప్పెను. శార్ఙ్గధరుడు కడుపులోని మేదస్సును పోషించునవిగా చెప్పెను. ఈ నిర్వచనములలో మూత్రప్రసక్తి లేదు. కావున అశ్మరి యనగా మూత్రపిండములోని రాయి యని యనువదించుట, శాస్త్రకారుడు చెప్పని మాటను అతని నోట పెట్టుటయే యగును.

బస్తి యను మాట మూత్రావయవముల నన్నింటిని తెలుపునని కొందరు వాదింపవచ్చును. ఆ వాదమునకు శస్త్రవిధియే సమాధానము. చికిత్సాస్థానమందలి యేడవ యధ్యాయము ప్రకారము, వైద్యుడు రోగి కడుపును పైనుండి క్రిందికి ఒత్తి, ఎడమచేతి వ్రేళ్లను గుదమున చొప్పించి, రాయిని క్రిందికి తెచ్చి, సీవనికి ఎడమప్రక్క యవగింజ మేర విడిచి కోయవలయును. రాయిని పగులనీయక, ముక్క మిగులనీయక, కొనవంగిన పరికరముతో తీయవలయును. మూత్రాశయములో నున్న రాయికి తప్ప ఈ విధి చెల్లదు. నడుము ప్రక్కన, వెన్నెముక కిరువైపుల నుండు మూత్రపిండమును ఆ వ్రేళ్లు అందుకొనజాలవు. ఈ కార్యము నేర్పరియైన వైద్యునికిని అనిశ్చితఫలమనియు, ప్రభువు అనుజ్ఞ గైకొని చేయవలసినదనియు సుశ్రుతుడు హెచ్చరించెను. గ్రీకు వైద్యుల హిప్పోక్రటీసు ప్రమాణమునను రాతికై కోయుట ఆ పని యెరిగినవారికే విడువవలయునను నియమము కలదు. అది ఎల్లరును చేయదగిన పని కాదను విషయమున రెండు సంప్రదాయములును ఏకీభవించినవి.

అట్లయిన మూత్రపిండమునుండి జారిన రాయి నాళమున చిక్కుకొని పుట్టించు శూలను ప్రాచీనులు ఎరుగరా? ఎరుగుదురు, కాని వేరొక పేరుతో. అశ్మరీ వికారములలో శర్కర, సికత అనునవి చెప్పబడినవి. శర్కర యనగా గులకరాయి. సికత యనగా ఇసుక. శర్కరాపీడితుని లక్షణములుగా సుశ్రుతుడు కుక్షిశూల, వణకు, తొడల నీరసము, దప్పి, వాయువు పైకెగయుట, అరుచి మున్నగువానిని పేర్కొనెను. ప్రక్కలో పుట్టి గజ్జలకు పాకి మనుష్యుని మెలిద్రిప్పు నేటి రాతినొప్పికి ఈ వర్ణనయే మిక్కిలి చేరువయని మా యభిప్రాయము. తెలుగు చదువరికి ఇచట మరియొక చిక్కు కలదు. మనకు శర్కర యనగానే చక్కెర తోచును. దాని వెంట మధుమేహము తోచును. అందుచే ఈ ప్రకరణమును రాతినొప్పికై వెదకువారు దీనిని దాటిపోవుట వింత కాదు.

చికిత్సయు ఈ భేదమునే యనుసరించినది. వాతప్రధానమైన మూత్రకృచ్ఛ్రమునకు చరకుడు తైలాభ్యంగము, ఉపనాహము, వస్తికర్మ, గోరువెచ్చని ద్రవములతో తడుపుట చెప్పెను. శర్కర జారుటకై మద్యము త్రావి వడిగల రథముపైనో గుర్రముపైనో పోవలయుననియు, రాయి అప్పటికిని లొంగనిచో శల్యవైద్యుడు తీయవలయుననియు అతని విధి. ఉలవలు, పల్లేరు, ఉలిమిరి, యవక్షారము మున్నగునవి లోనికిచ్చు మందులు. వీనిలో కాపడమును వెచ్చదనమును నొప్పిని తగ్గించుట నేటికిని అంగీకృతమే. గుర్రపుస్వారి మాత్రము ఊహాప్రధానము. నొప్పినే నేరుగా అణచు నల్లమందు చరకసుశ్రుతులలో లేదు. శార్ఙ్గధరునివంటి మధ్యయుగ గ్రంథకర్తలలోనే ప్రవేశించినది. కోయకుండ మూత్రపిండములోని రాతిని బయటి తరంగములచే పగులగొట్టు పద్ధతి 1980లో మ్యూనిక్కునందు మొదటిసారి రోగిపై ప్రయోగింపబడినది. ప్రాచీనకాలమున వైద్యుడు ఆ రాతికంటె నొప్పితోనే పోరాడెను.

ఇక కొండపిండి. సంస్కృతమున పాషాణభేది యను పేరు గల మందు కలదు. రాతిని భేదించునది యని దాని యర్థము. ఆ పేరు ఉత్తరదేశమున హిమాలయపు మొక్కయొకదానికి, దక్షిణమున ఇతరములకు చెల్లుచున్నది. ఆంధ్రదేశమున చేలగట్లపై తెల్లని దూదివంటి పూవులతో పెరుగు కొండపిండిని పాషాణభేదిగా వాడుట ప్రసిద్ధము. దానినే పిండికూరయని పప్పులో వండుకొందురు. కొండను పిండి చేయునదియని మన పేరును విడదీసినచో సంస్కృతపు పేరునకు సాటివచ్చును. అంతమాత్రముచే చరకుని పాషాణభేది కొండపిండియే యనరాదు. పేరు ప్రయాణము చేసినది, మొక్క మారినది. బసవరాజీయమువంటి ఆంధ్రవైద్యగ్రంథములను చదువునప్పుడు ఓషధినామములను నిఘంటువుతో మాత్రమే తేల్చుట ఇందుచే ప్రమాదకరము.

శ్రీహరికోట ఇచట మాకు హెచ్చరికగా నిలుచుచున్నది. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఆ దీవి చిరకాలము యానాదుల నివాసము. వేళ్లును, మూలికలును, తేనెయు సేకరించుట వారి జీవనము. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున వారు తెచ్చు అటవీవస్తువులు పేర్కొనబడినవి: చిరివేరు, ముష్టిగింజలు, సుగంధిపాల, కుంకుడుకాయలు మున్నగునవి. అవి సర్కారువారికి ఆదాయవస్తువులు. వేరు పేరు పట్టికకెక్కును. ఆ వేరును ఏ నొప్పికి, ఏ వేళ, ఎట్లు ఇచ్చుటో ఆదాయపు పట్టికకు అక్కరలేదు. 1971లో ఆ దీవినుండి తొలి రాకెట్టు ఎగసినది. దీవి బ్రతుకు మారినది. ఆ నాటి యెరుక ఇప్పుడు వృద్ధుల నోళ్లయందే వెదకవలసియున్నది.

వెదకునప్పుడు మొక్క పేరు అడిగి వ్రాసికొనుట చాలదు. నొప్పి ఎచట పుట్టి ఎచటికి పాకెనో చెప్పువారి మాటలలోనే వ్రాసికొనవలయును. నడుము ప్రక్కనా, పొత్తికడుపునా యను నొక్క ప్రశ్న, శర్కరను అశ్మరినుండి విడదీయును. ఇంకొక జాగ్రత్తయు వలయును. చిన్నరాళ్లు పెక్కు వానంతట అవియే జారిపోవును. కావున కషాయము త్రాగిన పిదప రాయి పడినదను సాక్ష్యము మందు గుణమునకు నిదర్శనము కానేరదు. ఆ మందుపై నమ్మకము ఎట్లు నిలిచెనో మాత్రము తెలుపును.

మా విద్యార్థికి మేమిచ్చిన సమాధానము ఇదియే. ఆ యవ్వ సుశ్రుతుని ధిక్కరింపలేదు. అతడు శర్కరకు విధించిన త్రోవలోనే ఆమె నడచినది. ఇరువురిని ఒకరికొకరు ఎదురుగా నిలిపినది మా తప్పు అనువాదము. ఆ పాఠమును మేము దిద్దుకొంటిమి.