ఏ ఊరి చిన్ అని అడిగే గొంతు

మయన్మార్‌లోని చిన్ కొండల నుంచి వచ్చి అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో స్థిరపడిన వేలాదిమందికి ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, బడుల్లో మాట అందించే దుభాషీలంటే నాకు ఎంతో గౌరవం. ఫారంలో భాష అన్నచోట ‘చిన్’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. అది ఒక్క భాష కాదు. హాఖా, ఫలాం, తెదిమ్, మతు, మారా... ఇలా ఎన్నో. ఒక లోయవాళ్ల మాట పక్క లోయవాళ్లకు అర్థం కాకపోవచ్చు. అందుకే అనుభవమున్న దుభాషి ముందుగా ‘మీది ఏ ఊరమ్మా?’ అని అడుగుతారు. నాలుగు మాటలు మాట్లాడించి, తనకు పట్టుబడని భాషయితే మరొకరిని పిలవమని అప్పుడే చెప్పేస్తారు. ఈ వృత్తిలో సగం నైపుణ్యం ఆ నిజాయితీయేనని నా నమ్మకం. హాఖాలో మన తెలుగులోలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. కాబట్టి రోగి మాట పూర్తయ్యేదాకా ఓపిక పట్టాలి, ఈలోగా మందుల పేర్లు, మోతాదులు, తేదీలు కాగితం మీద గబగబా రాసుకోవాలి. పైగా అది స్వరం ఎత్తుపల్లాలతో అర్థం మారే భాష. ఆ తేడాలు మామూలు రాతలో కనిపించవు, చెవితోనే పట్టుకోవాలి, ఫోన్‌లో అయితే గరగరల మధ్య నుంచి. రోగి ‘నాకు నొప్పి’ అంటే దుభాషి కూడా ‘నాకు నొప్పి’ అనే చెబుతారు, ‘ఆమెకు నొప్పట’ అనరు. దాంతో డాక్టరు ఆమెతోనే నేరుగా మాట్లాడతారు. తన మాట డాక్టరుకు చెప్పడానికి కొడుకును బడి మాన్పించి వెంట తెచ్చుకునే అవస్థ ఆ తల్లికి తప్పుతుంది. బిడ్డ ముందు నోరు విప్పలేని సంగతులూ ఆమె అడగగలుగుతుంది.