భోజనం చేస్తాం, బోనం ఎత్తుతాం

ఆషాఢం రాగానే బోనాల మీద వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం తప్పక కనబడుతుంది: భోజనం అనే మాటే బోనమైంది. అందులో తప్పేం లేదు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువూ అదే చెప్తుంది. నా పేచీ అంతా ఆ తర్వాతి వాక్యంతోనే. మాట సంస్కృతం కాబట్టి పండగ మూలమూ అక్కడే ఉందని చప్పున తేల్చేస్తారు. మాట పుట్టుక చెప్తే ఆచారం పుట్టుక చెప్పినట్టేనా?

యూదుల ఆచారం ఒకటి చూద్దాం. మూడేళ్ల మగపిల్లాడికి పుట్టువెంట్రుకలు తీసే వేడుకను యిడ్డిష్‌లో ‘ఉప్షెరిన్’ అంటారు. కత్తిరించెయ్యడం అని అర్థం, కుదుళ్లు జర్మన్‌వి. అట్లాగని వేడుక జర్మన్ నేల మీద పుట్టిందనుకుంటే బోల్తా పడతాం. 16వ శతాబ్దం నాటికే పాలస్తీనాలో, మెరోన్‌లోని రబ్బీ షిమోన్ సమాధి దగ్గర, అరబ్బీ మాట్లాడే యూదులు ఇది జరుపుకునేవాళ్లు. వాళ్లు పిలిచిన పేరు ‘హలాకా’, అరబ్బీ మాట. తూర్పు యూరప్ నుంచి వచ్చిన హసిదులు వేడుకను అందుకుని, పేరు తమ భాషలో పెట్టుకున్నారు.

బోనం కూడా సంస్కృతం నుంచి తిన్నగా రాలేదు. అచ్చుల మధ్య ‘జ’ జారిపోవడం ప్రాకృతం అలవాటు. రాజ ‘రాయ’ అయినట్టే భోజనం ‘భోఅణ’ అయింది. తెలుగు ఆ ఒత్తునూ తీసేసింది. మాట ప్రయాణం ఇంతవరకే.

మరి ఆచారం? మా దోమ, పరిగి దిక్కు పండగనాడు ‘బోనం తిన్నం’ అనరు, ‘బోనమెత్తినం’ అంటరు. భోజనం చేస్తాం, పెడతాం, వడ్డిస్తాం. బోనం మాత్రం ఎత్తుతాం. ‘ఎత్తు’ అచ్చ తెలుగు క్రియ, తాండూరు అవతల కన్నడంలోనూ ఉంది. కుండకు పసుపు పూసి, వేపాకు కట్టి, లోపల అన్నం, పైన దీపం పెట్టి, ఒక ఆడమనిషి నెత్తికెత్తుకుంటేనే అది బోనం. అప్పటిదాకా అన్నమే. నిఘంటువు నామవాచకం దగ్గర ఆగింది, ఆచారం క్రియలో ఉంది.

గుళ్లో నైవేద్యం అర్చకుడి చేతుల మీదుగా పోతుంది. పోచమ్మకు బోనం వండినామె నెత్తి మీదే పోతుంది. ‘బోనమంటే భోజనమే’ అని ఊరుకుంటే ఈ తేడా, దాంతోపాటు ఆమె కూడా, మన రాతల్లోంచి మాయమవుతారు. 2014లో ఇది రాష్ట్ర పండగయ్యాక రాసేవాళ్లం పెరిగాం. ధాతువులు వెతకడం మానొద్దు. దాంతోపాటు ఎత్తినామెను కూడా అడుగుదాం, దాన్ని ఏమంటరు, ఎందుకెత్తుతరు అని.