సెలవు మీద వచ్చిన సైనికుడు

రిమార్క్ రాసిన 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' (1929)ను కందకాల నవలగా చదవడం మనకు అలవాటు. దాని రాజకీయ సారం సెలవు ఘట్టంలో ఉందని నా అభిప్రాయం.

పాల్ సెలవు మీద ఇంటికొస్తాడు. అక్కతో కలిసి ఎముకల కోసం కబేళా ముందు మూడు గంటలు నిలబడి వట్టి చేతులతో తిరిగొస్తాడు. అదే ఊళ్ళో పెద్దమనుషులు బీరు తాగుతూ బెల్జియంలో, ఫ్రాన్సులో ఏ ప్రాంతాలు కలుపుకోవాలో లెక్కలు వేస్తుంటారు. యుద్ధం జర్మన్ సమాజాన్ని ఎక్కడ చీల్చిందో ఈ రెండు దృశ్యాలు చాలు. 1918 నవంబరులో కైజరు పోయాడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్న వర్గం పోలేదు. 1933లో నాజీలు ఈ నవలను తగలబెట్టారంటే ఆశ్చర్యమేముంది?

నేను బడిపంతుల్ని. అందుకే కాంటరెక్ మాస్టారి పాత్ర నన్ను వదలదు. తరగతి మొత్తాన్ని సైన్యంలో చేర్పించినవాడతడు. తటపటాయించిన బెమ్ మొట్టమొదట చచ్చిపోయినవాళ్ళలో ఒకడు. అయినా రిమార్క్ అతణ్ణి దుర్మార్గుడిగా చిత్రించలేదు. మంచి చేస్తున్నాననే నమ్మే వేలమందిలో ఒకడిగా చూపాడు. పాలకవర్గ భావజాలం పనిచేసే తీరు అదే. మన రచయితల్లో ఉపాధ్యాయులం చాలామందిమి. యుద్ధాన్ని ఖండిస్తూ రాసేముందు, తరగతిలో మనం ఏం చెబుతున్నామో తరచి చూసుకోవద్దా?